పెన్నా ఒడ్డుకు వచ్చే చుట్టాలు

అక్టోబరు నెల వచ్చింది. ఈశాన్య వానలు మొదలయ్యాయి. నెల్లూరు చుట్టుపక్కల చెరువుల్లోకి నీళ్లు చేరుతున్నాయి. పెన్నానదిలో ఇసుక తిన్నెల మధ్య పాయలు పారుతున్నాయి.

ఒకరోజు సాయంత్రం చదువు కేంద్రానికి వస్తూ ఒక పెద్దమ్మ ఆకాశం వైపు చెయ్యి చూపింది. బాణం మొన లాగా బారులు తీరి బాతులు పోతున్నాయి.

"సారూ, ఈ బాతులు ఏటా ఇప్పుడే వస్తాయి. ఎండలు ముదిరితే కనపడవు. యాడికి పోతాయి?" అని అడిగింది.

మంచి ప్రశ్న. జవాబు తెలుసుకుందాం.

ఎక్కడి నుంచి వస్తాయి?

మన దేశానికి ఉత్తరాన హిమాలయ పర్వతాలున్నాయి. వాటికి అవతల టిబెట్, మంగోలియా ఉన్నాయి. ఇంకా పైన సైబీరియా ఉంది. చలికాలంలో అక్కడి చెరువులు గడ్డకడతాయి. నీళ్లు రాయిలా మారితే బాతుకు తిండి ఎట్లా దొరుకుతుంది? అందుకే చలి ముదరక ముందే అవి మన వైపు బయలుదేరతాయి. ఎండాకాలం మొదలయ్యాక తిరిగి వెళ్తాయి. గుడ్లు పెట్టి పిల్లల్ని లేపేది అక్కడే. ఇట్లా ఏటా వచ్చిపోయే పక్షుల్ని వలస పక్షులు అంటారు. మనవాళ్లు పనుల కోసం వలస పోతారు కదా. ఇదీ పొట్ట కోసమే.

దారి ఎట్లా తెలుస్తుంది?

పగలు సూర్యుడు, రాత్రి నక్షత్రాలు వాటికి గుర్తులు. భూమికున్న అయస్కాంత శక్తిని కూడా అవి పసిగడతాయి. బయలుదేరే ముందు బాగా తిని ఒంట్లో కొవ్వు చేర్చుకుంటాయి. దారిలో అదే బత్తెం.

తల మీద రెండు నల్ల చారలున్న బాతు ఒకటుంది. అది హిమాలయాల్నే దాటి వస్తుంది. శాస్త్రవేత్తలు దానికి చిన్న యంత్రం కట్టి చూశారు. 7,000 మీటర్లకు పైగా ఎత్తున ఎగిరినట్టు తేలింది. అంత ఎత్తున మనిషికి ఊపిరాడటమే కష్టం.

అన్నీ దూరదేశం పక్షులేనా?

కాదు. నెల్లూరుకు దక్షిణాన, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు ఉంది. ఇప్పుడది తిరుపతి జిల్లాలో ఉంది. అక్కడి చెరువును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. అక్కడికి గూడబాతులు వస్తాయి. గూడతో నీళ్లు తోడినట్టు ఇవి ముక్కు కింది సంచితో చేపల్ని తోడుకుంటాయి. ఇవి సైబీరియావని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇవి మన దేశపు పక్షులే. వానలు పడ్డాక, నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కడతాయి. దగ్గర్లోని పులికాట్ సరస్సు నుంచి చేపలు తెచ్చి పిల్లల్ని సాకుతాయి.

విషం గింజలు

పాఠం వింటూ పెద్దమ్మ ఒక మాట చెప్పింది. "పోయినేడు మా మనవడు చవగ్గా దొరికిందని బాతును తెచ్చాడు. కూర తిన్న రాత్రి ఇంటిల్లిపాదికీ వాంతులు. ఆసుపత్రికి పోయి బతికాం."

కొందరు వడ్లలో గుళికల మందు కలిపి చెరువు గట్టున చల్లుతారు. అవి తిని బాతులు పడిపోతాయి. వాటినే అమ్ముతారు. వండినంత మాత్రాన ఆ విషం పోతుందని నమ్మకూడదు. ఆ గింజలు తింటే కోళ్లూ చస్తాయి. పైగా 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం ఈ పక్షుల్ని చంపడం నేరం. జైలు శిక్ష పడవచ్చు.

తమిళనాడులో వేడంతాంగల్ అనే ఊరుంది. అక్కడి రైతులు 200 ఏళ్లకు పైగా తమ చెరువు పక్షుల్ని కాపాడుతున్నారు. పక్షుల రెట్టలు నీళ్లలో కలుస్తాయి. ఆ నీళ్లు పొలానికి ఎరువుతో సమానం. పక్షి బతికితే పైరుకూ మేలే.

ఆ రాత్రి పెద్దమ్మ నోటుపుస్తకం తెరిచి కూడబలుక్కుంటూ రాసింది: "అక్టోబరు 18. బాతులు వచ్చాయి." మనవడి చేత కూడా చదివించింది.

ఆలోచించండి, రాయండి

1. వలస పక్షులు మన వైపు ఎందుకు వస్తాయి?
2. గూడబాతుకు ఆ పేరు ఎందుకు వచ్చి ఉంటుంది?
3. మీ ఊరి చెరువు దగ్గర ఎవరైనా విషం గింజలు చల్లుతుంటే మీరేం చేస్తారు? అందరూ కూర్చొని మాట్లాడుకోండి.
4. ఈ ఏడు మీ చెరువుకు పక్షులు ఏ తేదీన వచ్చాయి? ఏ తేదీన వెళ్లాయి? రాసి పెట్టుకోండి. వచ్చే ఏడు పోల్చి చూడండి.