పళ్లు ఎత్తయితే తలకు ఎక్స్‌రే ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్లు. ఎత్తుపళ్లు. క్లిప్పులు వేయిద్దామని వెళ్తే డాక్టరుగారు తల మొత్తానికి పక్కనుంచి ఎక్స్‌రే తీయించి, ఏదో కోణం 7 డిగ్రీలుందన్నారు. పెద్దమనిషి అయిందా అని కూడా అడిగారు. పళ్లకీ దానికీ ఏమిటి సంబంధం? చిన్నపిల్లకు ఎక్స్‌రేలు మంచివేనా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: ఎత్తుపళ్లలో తప్పు ఎప్పుడూ పళ్లదే కాదమ్మా. పైదవడ ముందుకొచ్చి ఉండొచ్చు, కింది దవడ వెనకబడి ఉండొచ్చు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, వైద్యం మాత్రం వేరు. ఆ తేడా తేల్చేదే ఈ ఎక్స్‌రే, సెఫలోగ్రామ్. చెవుల్లో చిన్న పుల్లల్లాంటివి పెట్టి నిలబెట్టారని మీ అమ్మాయి చెప్పే ఉంటుంది. కిటుకంతా అక్కడే ఉంది. తల ప్రతిసారీ అదే తీరులో, అంతే దూరంలో ఉంటేనే ఈ ఏటి బొమ్మను వచ్చే ఏటి బొమ్మతో పోల్చగలం. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ ఎవరికి వారే ఈ పద్ధతి చూపించారు.

ఇక కోణం. ముక్కు మొదట్లో, నుదుటి ఎముక కలిసే చోటు నుంచి పైదవడ ముందుభాగానికి ఒక గీత, కింది దవడకు ఒక గీత గీస్తారు. వాటి మధ్య సుమారు 2 డిగ్రీలుంటే దవడలు పొందికగా ఉన్నట్టు. అయితే ఈ 2 అమెరికాలో తెల్లవాళ్ల ముఖాల్ని చూసి రాసుకున్న లెక్క. మన పిల్లలకు ఒక డిగ్రీ ఎక్కువైందని బెంగపడక్కర్లేదు. 7 మాత్రం పట్టించుకోవాల్సిందే.

పెద్దమనిషి సంగతి ఎందుకంటే, పుర్రె పైభాగం మెదడుతోపాటు చిన్నప్పుడే చాలావరకు పెరిగిపోతుంది. కింది దవడ అలా కాదు, ఒంటి పొడుగుతోపాటు సాగుతుంది. ఆడపిల్లలు బాగా పొడుగు సాగేది పెద్దమనిషి కావడానికి కాస్త ముందే. వెనకబడిన దవడను ముందుకు రప్పించే ప్లేట్లు బాగా పనిచేసేదీ అప్పుడే. మెడ ఎముకలూ అదే ఎక్స్‌రేలో పడతాయి. వాటి అడుగంచు చదునుగా ఉంటే ఎదుగుదల ఇంకా ముందుందని, గుంట పడుతూ వస్తే జోరు మొదలైందని అర్థం.

ఎక్స్‌రే భయం వద్దు. ఒక్కదానితో తగిలే రేడియేషన్ మనకు సహజంగా ఒకరోజులో తగిలేదానికి అటూ ఇటూ. అయినా ఊరికే మళ్లీ మళ్లీ తీస్తానంటే ఎందుకని నిలదీయండి.

ప్రశ్న: మా వాడికి 13. కింది దవడ ముందుకుంది, అచ్చం మా నాన్నలా. ఆపరేషన్ ఇప్పుడే చేయించేద్దామా?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: తొందరపడకండి. మగపిల్లల్లో ఆ దవడ 18 దాటాక కూడా పెరగొచ్చు. ఇప్పుడు కోసి సరిచేస్తే మళ్లీ ముందుకు రావచ్చు. ఏడాది తేడాతో తీసిన రెండు సెఫలోగ్రామ్‌లను, ఇక పెద్దగా మారని పుర్రె అడుగుభాగం కలిసేలా ఒకదానిమీద ఒకటి పెడితే దవడ ఎంత జరిగిందో తెలుస్తుంది. అది జరగడం ఆగాకే కత్తి మాట. ఈసారి వెళ్లేటప్పుడు మీ నాన్నగారి పాత ఫొటో ఒకటి పట్టుకెళ్లండి, పక్కనుంచి తీసినదైతే మరీ మంచిది.