వరద పాలైన నేతవాడకు బట్టలా, రొక్కమా?

ఎక్కడనైనను తుపానో వరదయో వచ్చినదని వినగానే మనవారు మొదట చేయు పని ఇంటింటికి తిరిగి బట్టలు పోగుచేయుట. షోలాపూరు మొదలు బరంపురం వరకు ఇదే వాడుక. నేసి బ్రతుకువారము గనుక ఇచ్చునది బట్టయే కావలెనని తోచుట సహజము. అయితే పంపినది అక్కడ ఏమగుచున్నదో కూడ విచారింపవలసియున్నది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు నాగపట్టణం ప్రాంతమునకు లారీల కొలది పాత బట్టలు చేరినవి. వాటిని దింపి, వేరుచేసి, పంచుటకు చాలినంత మంది లేరు. చినిగినవి, మాసినవి, అక్కడి ఆడవారు కట్టని తీరువి రోడ్ల ప్రక్కన గుట్టలుగా పడియుండెను. సర్వస్వము పోయినను ఒకరు విడిచిన చీర కట్టుటకు మనసొప్పని వారు కలరు. మన ఇంటి ఆడవారు మాత్రము ఒప్పుదురా? ఆ గుట్టలను ఎత్తించుటయే తరువాత ఒక పనియైనది.

ఇక మునిగినది నేతవాడయే అయినచో? 2018 ఆగస్టులో కేరళ వరదలకు ఎర్నాకుళం జిల్లాలోని చేందమంగళం మునిగినది. ఓణం పండుగకై నేసియుంచిన సరకు బురదపాలైనది, మగ్గములు చెడినవి. ఇట్టి ఊరికి చీరలు పంపి ప్రయోజనమేమి? ఉచితముగ బట్ట పంచిన కొలది ఆ చుట్టుపట్ల బట్ట కొను చేతులు తగ్గును. లక్ష్మీ మేనోన్, గోపీనాథ్ పారయిల్ అను ఇద్దరు వేరు దారి చూచిరి. బురద పట్టిన చీరలను శుభ్రపరచి, కత్తిరించి, ‘చేకుట్టి’ అను చిన్న బొమ్మలు కట్టించి, ఒక్కొక్కటి 25 రూపాయలకు అమ్మించిరి. 1,300 రూపాయల చీర ఒకటి 360 బొమ్మలై 9,000 రూపాయలు తెచ్చునని లెక్క. నేతగాండ్లకు చేరినది రొక్కము.

గుంట మగ్గములో నీరు నిలిచిన ఏమగునో మన చదువరులకు చెప్పనక్కరలేదు. పడుగు మురుగును, గంజి పోవును, పన్నె తుప్పు పట్టును, కొయ్య ఉబ్బును, గుంట గోడలు కూలును. ఒకనికి నూలు కావలెను, ఒకనికి ఇంటి కప్పు, ఇంకొకనికి బిడ్డకు మందు. మనము ఇక్కడ కూర్చుండి పన్నెలు కొని పంపుదమన్నను, ముతక నూలుకు కట్టిన పన్నె సన్ననూలు మగ్గమునకు ఒప్పదు గదా. రొక్కమైనచో ఎవని అవసరము వాడు తీర్చుకొనును. ఆ ఊరి వడ్రంగికి పని దొరకును, నూలు కొట్టు మరల తెరచుకొనును. వారును మునిగినవారే.

దుకాణములు మూతపడిన తొలి రెండు మూడు దినములు మాత్రము రొక్కముతో కడుపు నిండదు. అప్పుడు ప్రక్క ఊళ్లవారు తెచ్చు అన్నము, మంచినీళ్లే దిక్కు. దూరమున నున్న మనము లారీ కట్టి పంపులోగా ఆ దినములు గడచిపోవును.

“బట్ట కంటికి కనబడును, రొక్కము ఎవరి జేబులో పడునో” అని కొందరందురు. ఈ అనుమానము ఊరక పుట్టలేదు. దానికి మందు లెక్క చూపుట. వసూలుకు ఇద్దరిని నియమించి, ప్రతి రూపాయికి రసీదు ఇచ్చి, ఆ ఊరి నేత సహకార సంఘపు బ్యాంకు ఖాతాకే నేరుగా పంపి, ఎన్ని మగ్గములకు ఎంత ముట్టినదో వ్రాతమూలముగ తెప్పించి మన పత్రికలో అచ్చువేయవలెను. స్వహస్తముల నేసినదే ఇవ్వవలెనని పట్టుదల గలవారు ఆ పంచెను ఇక్కడనే అమ్మి దాని వెల చందాగా వ్రాయింపవచ్చును. వ్యాపారులు ఆ ఊరి సంఘమునకు రాబోవు పండుగ సరకు కోరి, బయానా ముందుగ చెల్లించిన మరియు మేలు.

వసూలైన దానినంతయు మొదటి వారముననే పంపివేయకుండ, సగము నిలుపుడని మా సలహా. రెండు మూడు నెలలు గడచి, లారీలు రావడము మానిన తరువాత, గుంట ఆరి, మగ్గము నిలిపి, పడుగుకు నూలు లేక నేతగాడు ఎదురుచూచు వేళ ఆ రెండవ సగము చేరవలెను.