గురియు దూరమును: ఆటలో లెక్కల పాఠము

జీడితోటలు కాపునకు వచ్చు వేసవి దినములలో ఉద్దానము పిల్లలకు వేరొక ఆటవస్తువు అక్కరలేదు. పండు తిని పిక్కను దాచుకొనుట, సాయంకాలము ఇసుకనేలలో అరచేతి వెడల్పున గుంట తీసి, కొంత దూరమున గీత గీచి, ఆ గీతవద్దనుండి పిక్కలను గుంటలోనికి విసరుట, ఇంతే ఆట. పలాస బజారులో పిక్కకు ధర యున్నది గనుక పిల్లలకు ఇది పందెము, పెద్దలకు కోపకారణము. వజ్రపుకొత్తూరు వైపు సముద్రతీర గ్రామమున మేమును ఈ ఆట ఆడితిమి. మాలో ఒక కట్టుబాటు ఉండెడిది. మూడు పిక్కలు పందెము పెట్టినవాడు దగ్గరి గీతనుండి వేయును. ఒక్క పిక్క మాత్రమే పెట్టగలిగినవాడు దూరపు గీతనుండి వేయవలెను.

తోట లేని ఇంటి బాలుడొకడు మాతో ఆడుచుండెడివాడు. కోత ముగిసిన తోటలలో ఏరుకొన్న పిక్కలే వాని ధనము. కనుక వానికి ఎల్లప్పుడును దూరపు గీతయే. వాడు విసరినవి పడుట అరుదు. మేము లెక్క పెట్టితిమి. లెక్కలో తప్పు లేదు. ఆ లెక్కను బట్టి వానికి 'గురి లేనివాడు' అని పేరు పెట్టితిమి. మరుసటి వేసవికి వాడు ఆటకు రాలేదు.

మేము పెట్టిన లెక్కలో లోపించినదేమో మాకు చాలకాలమునకు గాని తెలియలేదు. తెలిపినది మా ఊరి ఆట కాదు; గోల్ఫ్ అను దూరదేశపు ఆటకు సంబంధించిన గణాంకశాస్త్రము. ఆ పాఠమును విద్యార్థి సోదరులకు వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

పట్ అనగానేమి?

మన పాఠకులలో పలువురు గోల్ఫ్ మైదానమును కంటితో చూచి యుండరు. కాని ఆ ఆట మనకు మరీ దూరమైనది కాదు. పలాసలో హౌరా వైపు పోవు బండి ఎక్కినచో చేరు కలకత్తా నగరమున 1829లోనే గోల్ఫ్ క్లబ్బు వెలసినది. తెలుగునేలపై విశాఖపట్నమునందును, హైదరాబాదులో గోల్కొండ కోటకు చేరిన నయాకిలా ఆవరణమునందును మైదానములు కలవు.

ఆటలో పదునెనిమిది గుంటలుండును. ప్రతి గుంట వ్యాసము నాలుగుంబావు అంగుళములు. బంతిని దూరమునుండి కఱ్ఱతో కొట్టుచు, గుంట చుట్టును నున్నగా కత్తిరించిన పచ్చికపైకి చేర్చి, అచ్చటనుండి నేలపై దొర్లించి గుంటలో పడవేయవలెను. ఈ దొర్లించు దెబ్బకు 'పట్' అని పేరు. ఎవరు తక్కువ దెబ్బలతో ముగింతురో వారిదే గెలుపు. డెబ్బదిరెండు దెబ్బల ప్రమాణము గల మైదానమున గుంటకు రెండు చొప్పున ముప్పదియారు పట్‌లకు చోటిచ్చియున్నారు. అనగా సగము ఆట పచ్చికపైననే యున్నట్లు తోచును. అందుచేతనే ఔత్సాహిక ఆటగాడు ఆట ముగియగానే 'నేడు నాకు పట్‌లు ఎన్ని?' అని లెక్కించుకొనును.

మొత్తపు సంఖ్య చేయు మోసము

ఈ ప్రశ్నలోనే పొరపాటున్నది. ఒకడు దూరపు దెబ్బ చెడగొట్టి, పచ్చిక వెలుపల పడి, అచ్చటనుండి బంతిని మెల్లగా లేపి గుంటకు మూడడుగుల దూరమున పడవేసెననుకొందము. వానికి ఒక్క పట్ చాలును. మరియొకడు చక్కని దెబ్బతో దూరమునుండియే పచ్చికపైకి చేరెను. కాని గుంట ముప్పదిమూడడుగుల దూరమున నున్నది. వానికి రెండు పట్‌లు పట్టెను. సంఖ్యను మాత్రమే చూచినచో మొదటివాడు మేటి, రెండవవాడు సామాన్యుడు. నిజమునకు మొదటివానిది చెడిన దెబ్బకు దొరికిన మరుగు మాత్రమే.

ఈ చిక్కును విడదీయుటకు ముందుగా కావలసినది దూరములతో కూడిన లెక్క. ఇంగ్లండులో కాక్రన్, స్టాబ్స్ అనువారు ఆటను శాస్త్రీయముగా పరిశీలించి 1968లో గ్రంథము వెలువరించిరి. అటుపిమ్మట అమెరికాలో వృత్తి ఆటగాళ్ల పోటీలందు ప్రతి దెబ్బ ఎచ్చటనుండి ఎచ్చటికి పోయెనో కొలిచి వ్రాయు పద్ధతి వచ్చినది. ఆ కొలతల ఆధారముతో కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ ఒక నూతన గణనను రూపొందించెను. పట్‌ల విషయమున 2011లో అమెరికా వృత్తి ఆటగాళ్ల సంస్థ దానిని స్వీకరించినది.

దూరమును బట్టి తూచుట

ఆ కొలతల సారము ఇట్లున్నది. వృత్తి ఆటగాళ్లు మూడడుగులనుండి నూటికి సుమారు 96 పట్‌లు ఒక్క దెబ్బతో వేయుదురు. ఐదడుగులనుండి 77, ఎనిమిదడుగులనుండి 50, పదియడుగులనుండి 40. ఇరువదియడుగులనుండి 15 మాత్రమే. లోకములోకెల్ల ఆరితేరినవారే ఇరువదియడుగులనుండి నూటికి ఎనుబదియైదు పర్యాయములు తప్పుచున్నారు. ఆటను తొంబది దెబ్బలలో ముగించు ఔత్సాహికునికి సగము పడు దూరము ఐదడుగులే.

దీనినుండి పుట్టినదే బ్రాడీ సూత్రము. ఎనిమిదడుగులనుండి వృత్తి ఆటగాళ్లకు సగటున ఒకటిన్నర దెబ్బలు, ముప్పదిమూడడుగులనుండి రెండు దెబ్బలు పట్టును. ఆటగాడు ఆ దూరమునకు తగిన సగటుకంటె ఎన్ని తక్కువ వాడెనో అది లాభము. ఎన్ని ఎక్కువ వాడెనో అది నష్టము.

ఒక ఉదాహరణ. రాముడును, రహీమును చెరి మూడు గుంటలు ఆడిరి. చెరి ఐదు పట్‌లు వాడిరి. రామునికి మూడింటను ఎనిమిదడుగుల దూరము: తగిన సగటు నాలుగున్నర, వాడినది ఐదు, అర దెబ్బ నష్టము. రహీమునకు మూడింటను ముప్పదిమూడడుగుల దూరము: తగిన సగటు ఆరు, వాడినది ఐదు, ఒక దెబ్బ లాభము. సంఖ్య ఒక్కటే, ఇరువురి నడుమ భేదము ఒకటిన్నర దెబ్బలు. ఉర్దూ సోదరులు నిషానా అనుదానినే మనము గురి యందుము. గురిని తూచుటకు పడిన పిక్కలు ఒక తట్టలోను, గీత దూరము రెండవ తట్టలోను ఉండవలెను.

ఈ గణన మరియొక భ్రమను కూడ తొలగించినది. దూరపు దెబ్బ చూపరుల కొరకు, పట్ ధనము కొరకు అని గోల్ఫ్ ఆటగాళ్లలో నానుడి. కాని బ్రాడీ లెక్కించి చూడగా, మేటి వృత్తి ఆటగాళ్లు తక్కినవారికంటె పొందు ఆధిక్యములో పట్‌ల వాటా నూటికి సుమారు పదునైదే. పచ్చికను చేర్చు దెబ్బల వాటా సుమారు నలుబది. కనుక పట్‌లు ఎక్కువైనవని విచారించు ఔత్సాహికుడు ముందుగా తన లోపము పట్‌లోనే యున్నదా, దానికి ముందటి దెబ్బలో నున్నదా అని పరిశీలించుకొనవలెను.

కొద్ది లెక్క, పెద్ద తీర్పు

దూరము వ్రాసికొన్నను మరియొక ప్రమాదము కలదు. ఒకనికి ఎనిమిదడుగులనుండి సరిగా సగము పడుననుకొందము. వాడు పది వేసినచో ప్రతిదినమును ఐదే పడునా? పడదు. నాణెము పదిసార్లు ఎగురవేసినట్లే, పది పట్‌ల ఫలితములు 1024 విధములుగా నుండవచ్చును. వానిలో 176 విధములందు పడినవి మూడో, అంతకు తక్కువో అగును. అనగా చేతిలో ఏ మార్పును లేకున్నను, ఇంచుమించు ఆరు దినములకొక దినము వాడు 'నా గురి చెడినది' అని దిగులుపడును. ఆ దిగులుతో నిలుచు తీరు మార్చును, కఱ్ఱ మార్చును. మరునాడు ఆరు పడగానే ఆ మార్పే మందు అనుకొనును. ఇది గణాంకమును అజ్ఞానముతో వాడుట.

నూరు వేసినచో సంగతి వేరు. ఇరువది దినములలో పందొమ్మిది దినములు ఫలితము నలుబదికిని అరువదికిని నడుమ నుండును. కనుక తీర్పునకు తొందర కూడదు. ఒక దినపు లెక్క వార్త మాత్రమే. నెలనాళ్ల లెక్కయే సాక్ష్యము.

పుస్తకము వ్రాసికొను విధము

అభ్యాసము చేయువారు ఒక నోటుపుస్తకమున నాలుగు గళ్లు గీచికొనవలెను. మొదటిది తేదీ. రెండవది దూరము; టేపు లేనిచో అడుగు వెంట అడుగు పెట్టి కొలువవచ్చును, కాని ఎల్లప్పుడును ఒకరి పాదమే కొలత కావలెను. మూడవది పడెనా, లేదా. నాలుగవది మిక్కిలి ముఖ్యము: తప్పినచో ఎటు తప్పెను? ముందే ఆగెనా, దాటిపోయెనా, ఎడమకా, కుడికా?

ఈ నాలుగవ గడియే గురువు. తప్పినవి నాలుగు దిక్కులకును సమముగా పోయినచో చేతికి ఇంకను నిలకడ రాలేదని యర్థము. అన్నియు కుడికే పోయినచో నిలకడ యున్నది గాని చూపో, నిలుచు తీరో వంకరగా నున్నది. దానిని దిద్దుట సులభము. అన్నియు గుంటకు ముందే ఆగినచో భయమే కారణము కావచ్చును. గుంటను చేరని బంతి ఎంత సూటిగా పోయినను పడదు గదా! దూరపు పట్ విషయమున పడెనా అని గాక, గుంటకు ఎంత చేరువగా ఆగెనో వ్రాయవలెను. ఏలయన అచ్చట సాధింపవలసినది రెండవ దెబ్బను సులభము చేయుటయే. ఔత్సాహికుడు తన లెక్కను వృత్తి ఆటగాని లెక్కతో పోల్చి కుంగరాదు; గడచిన నెల తన లెక్కతో పోల్చుకొనవలెను.

టెక్కలి మైదానమున వాలీబాల్ సర్వీసు చేయువారికిని, క్యారమ్ బల్లయొద్ద కూర్చుండువారికిని ఇదే పద్ధతి చెల్లును. దెబ్బ ఎంత కష్టమైనదో వ్రాయుట, ఎటు తప్పెనో వ్రాయుట, నెలనాళ్లు ఓపిక పట్టుట: ఈ మూడును ఏ ఆటకైనను ఒక్కటే.

ముగింపు

ఈ సంగతులు చదివిన పిమ్మట ఒక వేసవి సెలవులలో మేము ఊరికి పోయి, పాత చోటనే గుంట తీసి, రెండు గీతలును గీచి చూచితిమి. దూరపు గీత దగ్గరి గీతకు రెట్టింపు దూరమున నున్నది. బాల్యమున మేటి గురికాండ్రమని పేరుపొందిన మేము ఆ గీతవద్ద నిలిచి విసరగా, చెప్పుకొనదగినన్ని పిక్కలు మాలో ఎవరికిని పడలేదు. అన్ని వేసవులలో ఆ గీతనుండి వేసి చూడవలెనని మాకు ఒక్కమారును తోచలేదు.

వానికి గురి యుండెనో లేదో మేమిప్పుడు చెప్పజాలము. వాని లెక్క మేము సరిగా వ్రాయనేలేదు. కాని 'గురి లేనివాడు' అను మాట మాత్రము వాని వెంట పోయినది. ఆటపట్టికలే గాక మార్కుల పట్టికలును ఇట్టివే. దీపము వెలిగించుకొని ఇంట చదివినవానివి, తెల్లవారకముందే వలలాగి ఆపై కళాశాలకు వచ్చినవానివి అంకెలు ఒకే వరుసలో నుండును. గీతల దూరము ఆ పట్టికలో నుండదు. అంకెలు అబద్ధమాడవు. అయినను దూరము వ్రాయని లెక్క సగము లెక్కయే. సగము లెక్కతో పూర్తి తీర్పు చెప్పరాదని మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి. మా పాఠకులు ముందుగా నేర్చుకొందురు గాక.