పిల్లల మూత్రపిండములు: అరుదైన వ్యాధులు, ఇంటిలో కనబడు గుర్తులు

పిల్లవానికి జ్వరము వచ్చినచో తల్లి నుదుటిమీద చేయి యుంచి తెలిసికొనును. దగ్గు వచ్చినచో ఇల్లంతయు వినును. కాని మూత్రపిండములకు వచ్చు వ్యాధి అట్లు చాటి చెప్పుకొనదు. తరచుగా నొప్పి లేకుండ వచ్చి, మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు దాగియుండును. శ్రీకాకుళము ప్రాంతమందలి ఉద్దానమునుగూర్చి పత్రికలలో చదివినవారు సహితము కిడ్నీ జబ్బు అనగానే పెద్దల వ్యాధియే యని తలంతురు. పిల్లలకును అది వచ్చును. వారికి వచ్చు వ్యాధులలో పెక్కు అరుదైనవి. అరుదు గనుకనే అవి మన ఆలోచనకు రావు. ఆలోచనకు రానందుననే చికిత్స ఆలస్యమగును.

ఈ వ్యాసోద్దేశము వైద్యము నేర్పుట కాదు. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములలో తెలుగు బడులకు పిల్లలను పంపుచున్న తలిదండ్రులు ఏ గుర్తును చూచి, ఎప్పుడు వైద్యుని యొద్దకు పోవలెనో తెలుపుటయే దీని పని. ముఖ్యముగా గమనింపవలసినది ఒక్కటి: వ్యాధి మూత్రపిండములో నున్నను, దాని గుర్తు తరచుగా మరియొకచోట, అనగా కన్నులో, చెవిలో, ఎముకలో, ఎదుగుదలలో కనబడును. ఇట్లు పలుచోట్ల కలిసి కనబడు లక్షణముల సముదాయమునకే వైద్యులు 'సిండ్రోము' అని పేరు పెట్టిరి.

మూత్రపిండముల పని

వెన్నెముకకు ఇరుప్రక్కల చిక్కుడు గింజ ఆకారములో మూత్రపిండములు రెండు కలవు. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రములుండును. వీనిని నెఫ్రానులందురు. పెద్దవారి శరీరములో ఇవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడకట్టి, అందులో కావలసినదంతయు తిరిగి రక్తములోనికి పంపి, ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రముగా విడుచును.

ప్రతి నెఫ్రానులోను ఒక జల్లెడ, దాని వెనుక ఒక సన్నని గొట్టము కలవు. జల్లెడ చెడినచో రక్తములోని మాంసకృత్తులు గాని, రక్తకణములు గాని మూత్రములోనికి జారిపోవును. గొట్టము చెడినచో శరీరమునకు కావలసిన లవణములు బయటికి పోవును. పోవలసిన ఆమ్లము లోపల నిలిచిపోవును. ఇవిగాక రక్తపు పోటును సరిగా నుంచుట, రక్తము పట్టుటకు తోడ్పడుట, ఎముకలకు కావలసిన డి విటమినును పనికివచ్చునట్లు మార్చుట కూడ మూత్రపిండముల పనులే. అందుచేతనే అవి చెడిన పిల్లవాడు పాలిపోవును, ఎముకలు వంగును, తోటివారితో సమానముగా ఎదుగడు.

ఉదయము కనురెప్పల వాపు

పిల్లల మూత్రపిండ వ్యాధులలో మనము ఎక్కువగా వినునది నెఫ్రోటిక్ సిండ్రోము. ఇది సాధారణముగా రెండు మొదలు ఆరేండ్ల వయస్సులో, ఆడపిల్లలకంటె మగపిల్లలకు ఎక్కువగా వచ్చును. ఉదయము నిద్ర లేచినప్పుడు కనురెప్పలు ఉబ్బియుండును; సాయంత్రమునకు తగ్గును. పురుగు కుట్టినదనియో, పడిశమనియో కొన్ని దినములు గడచిపోవును. పిమ్మట కాళ్లు, పొట్ట ఉబ్బును. మూత్రము తగ్గి, నురుగుతో పోవును. బరువు పెరుగును గాని అది కండ కాదు, నీరు.

1827లో లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, ఒళ్లు ఉబ్బిన రోగుల మూత్రమును చెంచాలో పోసి కొవ్వొత్తి మంటపై కాచి చూడగా, అది గ్రుడ్డులోని తెల్లసొనవలె గడ్డకట్టెను. వాపునకు మూలము మూత్రపిండములలో నుండవచ్చునని అట్లు తెలియవచ్చెను. నేడు మందు పూసిన సన్నని కాగితపు పట్టీని మూత్రములో ముంచి, రంగు మారుటను చూచి నిమిషములో తెలిసికొనవచ్చును.

ఒకప్పుడు ఈ వ్యాధి తగిలిన పిల్లలలో అనేకులు అంటురోగములచే మరణించుచుండిరి. 1950 ప్రాంతమునుండి స్టెరాయిడు మందులు వచ్చి ఆ దుస్థితిని మార్చినవి. ప్రెడ్నిసొలోన్ మాత్రలు సక్రమముగా వాడినచో నూటికి 80 మందికి పైగా పిల్లలకు నాలుగు వారములలోనే మూత్రములో మాంసకృత్తులు పోవుట నిలిచిపోవును. కాని వ్యాధి మరల మరల రావచ్చును. మొగము మామూలైనదని మాత్రలను హఠాత్తుగా మానుట ప్రమాదకరము. వాపు ఉన్న దినములలో ఉప్పు తగ్గింపవలెను. పథ్యము పేరిట పప్పు, పాలు, గ్రుడ్డు మాన్పరాదు. ఒళ్లు ఉబ్బియున్న బిడ్డకు జ్వరము గాని కడుపునొప్పి గాని వచ్చినచో ఆ దినమే ఆసుపత్రికి కొనిపోవలెను. మందుకు లొంగని కొలదిమందిలో మాత్రము లోపము జన్యువులలోనే యుండవచ్చును. అట్టివారికి ప్రత్యేక పరీక్షలు అవసరము.

చెవి చెప్పు సంగతి

1927లో సెసిల్ ఆల్పోర్ట్ అను వైద్యుడు, ఒకే కుటుంబములో మూత్రమునందు రక్తము, చెవుడు కలిసి తరతరములుగా వచ్చుటను వివరించెను. చెవిలోని సున్నితమైన పొరలకును, మూత్రపిండమునందలి జల్లెడకును ఒకే విధమైన కొల్లాజెను ఆధారము. అది లోపించినచో రెండును చెడును. కంటి కటకము కూడ చెడవచ్చును. పెక్కు కుటుంబములలో ఇది తల్లి ద్వారా సంక్రమించి మగపిల్లలను తీవ్రముగా బాధించును. కాబట్టి మూత్రములో రక్తము కనబడిన బాలుని విషయమున, "మేనమామకు చెవుడు గాని, చిన్ననాటనే కిడ్నీ జబ్బు గాని ఉండెనా?" అని వైద్యుడడిగినచో అది వ్యర్థప్రశ్న కాదు. ఆరంభములోనే తగిన మందులు వాడినచో మూత్రపిండములు చెడుటను ఎన్నో ఏండ్లు వాయిదా వేయవచ్చును. బడిలో పిలిచిన పలుకని బాలుని పెడసరివాడని దండించుటకు పూర్వము, అతని చెవులను పరీక్షింపజేయుట ఉపాధ్యాయులకును, తలిదండ్రులకును ధర్మము.

ఎముక, కన్ను, వ్రేళ్లు

కాళ్లు దొడ్డిగా వంగిన పిల్లలకు డి విటమిను ఇచ్చుట వాడుక. ఇచ్చినను ఫలము లేకున్నచో మూత్రపిండములను అనుమానింపవలెను. గొట్టములు ఆమ్లమును వెలిపుచ్చజాలని వ్యాధిలో పిల్లవాడు ఎదుగడు, తరచు వాంతి చేసికొనును, విశేషముగా నీరు త్రాగును, ఒక్కొక్కప్పుడు కాళ్లు పట్టుదప్పి పడిపోవును. కొందరికి చెవుడు కూడ ఉండును. దీనికి చికిత్స ఖరీదైనది కాదు: లెక్కప్రకారము ఇచ్చు క్షారద్రవమే. సకాలములో ఇచ్చినచో పిల్లవాడు మరల ఎదుగును. తెలియక విడిచినచో జీవితాంతము మరుగుజ్జుగా మిగులును. అరుదైన వ్యాధులకెల్ల చికిత్స లేదను నిరాశ ఎంత తప్పో దీనివలన గ్రహింపవచ్చును.

వెలుతురు చూడలేక కన్నులు మూసికొను ఎదుగని బిడ్డలో సిస్టినోసిస్ అను వ్యాధి ఉండవచ్చును. సిస్టీను స్ఫటికములు కంటిలోను, మూత్రపిండములలోను పేరుకొనుటయే దానికి కారణము. పుట్టుకతోనే కంటిలో పువ్వు, మెత్తని ఒళ్లు గల మగశిశువులలో, 1952లో వర్ణింపబడిన లో సిండ్రోము ఉండవచ్చును. ఆరవ వ్రేలు అదృష్టచిహ్నమనువారు కలరు. ఒంటిగా ఉన్న ఆరవ వ్రేలు చాలమందిలో హానిలేనిదే. కాని దానికి తోడు స్థూలకాయము, ఏడెనిమిదేండ్లకు రేచీకటి కలసినచో బార్డెట్ బీడిల్ సిండ్రోమును తలచి మూత్రపిండములను పరీక్షింపవలెను.

స్నానము చేయించునప్పుడు అయిదేండ్లలోపు బిడ్డ కడుపులో గట్టి గడ్డ చేతికి తగిలినచో దానిని పిసుకక వెంటనే వైద్యునికి చూపవలెను. 1899లో మాక్స్ విల్మ్స్ వర్ణించిన మూత్రపిండపు కంతి కావచ్చును. ముందుగా కనిపెట్టినచో అధికభాగము నయమగు వ్యాధి యిది.

దాహము, పక్క తడుపుట, మూత్రధార

పక్క తడుపుట మానిన పిల్లవాడు మరల మొదలిడి, రాత్రి లేచి చెంబెడు నీరు త్రాగుచు, పాలిపోవుచున్నచో అలక్ష్యము తగదు. మధుమేహము కావచ్చును; నెఫ్రోనోఫ్తైసిస్ అను వ్యాధియు కావచ్చును. ఈ రెండవదానిలో వాపు ఉండదు, మూత్రపరీక్షయు తరచు సరిగానే వచ్చును. రక్తములో క్రియాటినిన్ చూచినగాని బయటపడదు. మగశిశువు మూత్రము ధారగా పోక చుక్కలుగా పడుచున్నచో మూత్రనాళములో పుట్టుకతో వచ్చిన అడ్డుపొర ఉండవచ్చును. దానిని చిన్న శస్త్రచికిత్సతో తొలగింతురు. బడిలో పదేపదే నీటికో, బయటికో సెలవడుగు పిల్లవానిని కసరుట మాని, ఆ సంగతి ఇంటికి తెలియజేయుట మేలు.

మేనరికము

ఇది చెప్పుటకు కష్టమైన మాట. అయినను చెప్పక తప్పదు. 1960 ఏప్రిల్ 1 వరకు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో నుండెను. సరిహద్దు మారినను చుట్టరికములు మారలేదు. నగరి, పుత్తూరు, చిత్తూరులతో ఇచ్చిపుచ్చుకొనుటలు నేటికిని కలవు. వానిలో మేనమామకు మేనకోడలిని, మేనత్త కొడుకునకు మేనమామ కూతును ఇచ్చుట మన దక్షిణదేశపు పాత ఆచారము. మేనమామ, మేనకోడలు తమ జన్యువులలో సుమారు నాల్గవ వంతును, మేనత్త మేనమామ బిడ్డలు ఎనిమిదవ వంతును సమానముగా కలిగియుందురు. పైన చెప్పిన వ్యాధులలో కొన్నిటికి లోపపు జన్యువు తల్లినుండియు తండ్రినుండియు రెండును చేరినగాని వ్యాధి రాదు. రక్తసంబంధములో అట్లు చేరుట ఎక్కువ. తలిదండ్రులు ఇరువురును ఆరోగ్యవంతులై లోపమును మోయుచున్నచో ప్రతి కాన్పునకును నాలుగింట ఒకవంతు అవకాశము. ఒక బిడ్డకు వచ్చినది గనుక తరువాతి మువ్వురికి రాదనుట పొరపాటు. ప్రతి కాన్పును వేరు లెక్క.

మేనరికము చేసికొన్న వారందరికి రోగిష్టి బిడ్డలు పుట్టరు; బయటి సంబంధము చేసికొన్నవారికి పుట్టకపోరు. తల్లిని గాని, కోడలి పుట్టింటిని గాని నిందించుట అజ్ఞానము, అన్యాయము. కాని ఒక బిడ్డకు వ్యాధి నిర్ణయమైన యింట తరువాతి కాన్పునకు, తరువాతి పెండ్లి సంబంధమునకు పూర్వము జన్యువైద్యుని సలహా తీసికొనుట వివేకము.

ఎచ్చటికి పోవలెను?

ఈ విషయములో మన ప్రాంతము అదృష్టము చేసికొన్నది. తూర్పున చెన్నై ఎగ్మూరులో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి కలదు. తిరుత్తణినుండి తిరువళ్లూరు మీదుగ చెన్నైకి రైలున్నది. పడమట వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల. 1971లో మూత్రపిండ మార్పిడి చేసి దేశమునకు దారి చూపిన సంస్థ అది. ఉత్తరమున తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ కలదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద బడికి వైద్యబృందము వచ్చిన దినమున పిల్లలను మాన్పింపక పంపుడు. తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా కార్డు గలవారు దానిని వెంట తీసికొని పోవలెను. 2021లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన అరుదైన వ్యాధుల విధానములో కొన్ని మూత్రపిండ వ్యాధులును చేరియున్నవి. సహాయమునుగూర్చి పెద్దాసుపత్రిలో అడుగవలెను. పాదరసము కలిసిన నాటుమందులను, వైద్యుడు చెప్పని నొప్పిమాత్రలను పిల్లలకు ఈయరాదు.

ఇంటిలో ఒక పుస్తకము పెట్టుడు. తేదీ, బరువు, ఎత్తు, మూత్రపరీక్ష ఫలితము, రక్తపు పోటు, మందుల పేర్లు అందు తెలుగులోనే వ్రాయుడు. ఆసుపత్రిలో తమిళమున మాటాడుటకు జంకు తల్లి ఆ పుస్తకమును వైద్యుని ముందుంచిన చాలును. అంకెలకు భాషాభేదము లేదు.

ఈ వ్యాధుల పేర్లన్నియు గుర్తుంచుకొన నక్కరలేదు. ఉదయపు వాపు, ఎఱ్ఱని లేక నురుగు మూత్రము, ఎడతెగని దాహము, ఆగిన ఎదుగుదల, వంగిన ఎముక, చెవుడు, రేచీకటి, కడుపులో గడ్డ: ఈ ఎనిమిది గుర్తులను మరువకుండిన చాలును. వీనిలో ఏదేని కనబడిన బిడ్డకు మూత్రపరీక్ష, రక్తపు పోటు కొలత, అవసరమైనచో రక్తపరీక్ష చేయింపవలెను. వీనికగు వ్యయము స్వల్పము. సకాలములో చేయించినచో ఒక బిడ్డ మూత్రపిండములు నిలుచును.