టమాటాకు జంట తెగుళ్లు

పంచాయతీ సభ్యుల యెదుటికి వచ్చు తగవులలో విత్తనపు తగవు ఒకటి. ఆకుముడతను తట్టుకొనునని చెప్పి అమ్మిన టమాటా విత్తనమును రైతు హెచ్చు వెల పెట్టి కొనును. నారు పోసి, నాటి, ఎరువు వేసి పెంచును. రెండవ నెల వచ్చుసరికి తోట ముడుచుకొని గిడసబారిపోవును. రైతు దుకాణదారుని మోసగాడనును. దుకాణదారుడు రైతుకు సాగు తెలియదనును. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుచున్నారని పెద్దలు తలచుట సహజమే. కాని ఇద్దరును నిజమే చెప్పుచుండవచ్చును. విత్తనము మంచిదే, సాగును మంచిదే. మొక్కకు సోకిన వైరస్ మాత్రము ఒకటి కాక రెండు అయి యుండవచ్చును.

వైరస్ కంటికి కనబడునది కాదు. 1892లో రష్యా శాస్త్రజ్ఞుడు ఇవనోవ్‌స్కీ, తెగులు సోకిన పొగాకు రసమును బాక్టీరియా సయితము దూరలేని పింగాణీ వడపోత గుండా వడకట్టెను. వడకట్టిన రసము కూడ తెగులును కలిగించెను. అంతటి సూక్ష్మమైన ఈ పదార్థము జీవకణములోనికి చేరినప్పుడే వృద్ధి పొందును. ఒకసారి చేరిన పిమ్మట దానిని వెడలగొట్టు మందు పొలములో లేదు. మనము చల్లు మందులు దోమను చంపును గాని వైరసును చంపవు.

అయితే మొక్క నిరాయుధ కాదు. మనకు వలె దానికి రక్తము లేకపోయినను, శత్రువును గుర్తించు ఏర్పాటు కలదు. వైరసులు పెరుగునప్పుడు తరచు జంట పోగుల ఆర్.ఎన్.ఏ. అను పదార్థము ఏర్పడును. మొక్కలోని ఒక మాంసకృత్తు దానిని పట్టి చిన్న తునకలుగా నరకును. మరియొక మాంసకృత్తు ఆ తునకను మచ్చుగా ఉంచుకొని, దానితో సరిపోలు పోగు ఎక్కడ కనబడినను తెగవేయును. దొంగ విడిచిపోయిన గుడ్డపేలికను చేతబట్టుకొని తలారి ఊరెల్ల వెదకుట వంటిది ఈ పని. ఈ తునకలు ఒక ఆకు నుండి మరియొక ఆకునకు ముందుగానే పోయి హెచ్చరించుట కూడ కలదు. 1999లో ఇంగ్లండులో హామిల్టన్, బాల్‌కూంబ్ అను శాస్త్రజ్ఞులు ఈ తునకలను మొదట కనుగొనిరి.

వైరసులును ఊరకుండవు. తలారి చేతి పేలికను లాగివేయు మాంసకృత్తులను అవి తయారు చేయును. దోసమొజాయిక్ వైరసునకు ఒక విధమైనది, బంగాళాదుంప వై-వైరసునకు మరియొక విధమైనది కలదు. ఇక్కడనే అసలు చిక్కున్నది. తలారిని కట్టివేసిన దొంగ తన కొరకే కట్టివేసినను, వాని వెనుక వచ్చు రెండవ దొంగకు కూడ త్రోవ తెరచినట్లే.

ఈ సంగతికి పాత నిదర్శనములు కలవు. 1926లోనే కెనడాలో వాంటర్‌పూల్ అను శాస్త్రజ్ఞుడు టమాటా చారల తెగులును పరిశీలించి, పొగాకు మొజాయిక్ వైరసును బంగాళాదుంప వైరసును ఒకే మొక్కపై కలియుటయే దానికి కారణమని చూపెను. ఏ ఒక్కటి వచ్చినను మొక్క కుంటుచునైనను కాపు కాయును. రెండును కలిసిన కాండముపై నల్లని చారలు పడి ఎండిపోవును. 1955లో అమెరికాలో రాషో, రాస్ అనువారు పొగాకుపై ప్రయోగించి, వై-వైరస్ తోడున్నప్పుడు బంగాళాదుంప ఎక్స్-వైరస్ పరిమాణము పది రెట్ల వరకు పెరుగుటను కనుగొనిరి.

తగవులోని విత్తనము మాటకు వత్తము. చిలీ, పెరూ దేశముల అడవి టమాటా నుండి తీసిన టి.వై.-1 అను జన్యువు పసుపు ఆకుముడత వైరసును అణచును. మన ఆకుముడత వైరసులు దానికి దగ్గరి చుట్టములు. మన దేశపు సంకర రకములలోను ఈ జాతి జన్యువులను వాడుచున్నారు. 2014లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఈ జన్యువున్న మొక్కకు దోసమొజాయిక్ వైరస్ కూడ సోకినచో ఆ రక్షణ సడలిపోవును. స్పెయిన్‌లో 2006లో ప్రకటించిన మరియొక పరిశోధనయు ఇట్టిదే: తెల్లదోమ తెచ్చు ఒక పసుపు తెగులు ముందుగా సోకిన మొక్కలలో, మచ్చలవడల తెగులును ఆపవలసిన జన్యువు పని చేయలేదు. విత్తనపు సంచిపై వ్రాసిన మాట అబద్ధము కాదు. అది ఒక శత్రువును గురించి వ్రాసిన మాట.

రెండు వైరసులు కలిసినప్పుడెల్ల చెరుపే జరుగుననుట కూడ సరికాదు. ఒకే వైరసులోని మెత్తని రకము ముందు సోకినచో తీవ్రమైన రకమును రానీయకపోవుట కలదు. నెదర్లాండ్సులో ఒకప్పుడు గాజుఇండ్ల టమాటాకు ఈ ఉపాయమును వాడిరి. కాని ఇది పొలములో రైతు చేయదగిన పని కాదు.

మన ప్రాంతములో ఈ జంటలు కూడుటకు అవకాశము మెండు. ఆకుముడతను తెల్లదోమ తెచ్చును. దోసమొజాయిక్‌ను పేనుబంక తెచ్చును. వేరుసెనగలో మొవ్వుకుళ్ళు కలిగించు వైరస్ టమాటాకును సోకును. దానిని తామరపురుగులు తెచ్చును. టమాటా మొజాయిక్‌కు పురుగే అక్కరలేదు, కూలివారి చేతులు చాలును. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన పొగాకులో ఏండ్ల తరబడి బ్రతికియుండును గనుక, చుట్ట కాల్చిన చేతితో నారు తీయుట కూడ ప్రమాదమే. చేతులు సబ్బుతో కడుగుకొనుట చిన్న మాటగా తోచును గాని, ఖర్చు లేని మందు ఇదియే.

నాలుగు త్రోవలు గనుక ఒక్క రైతు ఒక్క మందుతో కాపుగాయలేడు. మదనపల్లె ప్రాంతమువలె సంవత్సరము పొడుగునను టమాటా పండించు చోట్ల, కోత ముగిసిన పాతతోట ప్రక్కనే క్రొత్త నారుమడి యుండును. పాతతోట దున్నక విడిచిన రైతునకు నష్టము లేదు, నష్టమంతయు ప్రక్కవానిది. ఇది పంచాయతీ మాట్లాడవలసిన విషయము. నారుమడులపై అంగుళమునకు 40 నుండి 50 కన్నులున్న నైలాను వల కట్టించుట, కోత ముగిసిన తోటలను గడువులోగా దున్నించుట, తెగులు మొక్కలను గట్టున పారవేయక పూడ్పించుట, కాలువగట్లపై, పోరంబోకు స్థలములలో కలుపు తీయించుట ఊరంతయు కలిసి చేయవలసిన పనులు. వయ్యారిభామను తేలికగా చూడరాదు. 2000లో అనంతపురం జిల్లాలో వేరుసెనగకు కాండపుకుళ్ళు వచ్చి 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతిని, నష్టము 300 కోట్ల రూపాయలు మించినది. ఆ వైరసును పుప్పొడిలో మోసినది వయ్యారిభామయే.

డొమినికన్ రిపబ్లిక్ దేశములో తెల్లదోమ తెచ్చిన ఆకుముడత టమాటాను నాశనము చేయగా, తెల్లదోమకు ఆహారమగు పైరులను మూడు నెలలపాటు ఎవరును వేయరాదని ప్రభుత్వము కట్టడి చేసినది. పంట తిరిగి నిలద్రొక్కుకొన్నది. మన గ్రామములలో మూడు నెలల కట్టడి కష్టము కావచ్చును. సంతతోను అప్పుతోను ముడిపడిన రైతునకు ఒక్క నెలయు బరువే. అయినను ప్రక్కప్రక్క గ్రామముల పంచాయతీలు కలిసి ఒక విరామమును నిర్ణయించుకొనుటకు ప్రయత్నింపవచ్చును.

ఇక తగవు వచ్చినప్పుడు తోట పూర్తిగా ఎండకముందే చూడవలెను. పలుచోట్ల నుండి లేత ఆకులను తీసి, వేరువేరు సంచులలో ఉంచి, ఎండ తగులకుండ, మండల వ్యవసాయాధికారి ద్వారా పరీక్షశాలకు పంపవలెను. ఆకుముడత ఉన్నదా లేదా అని మాత్రమే అడిగినచో ఉన్నదను జవాబు వచ్చును, తగవు తీరదు. దోసమొజాయిక్, మొవ్వుకుళ్ళు, టమాటా మొజాయిక్ వైరసులకు కూడ పరీక్ష చేయుమని అర్జీలో స్పష్టముగా వ్రాయవలెను.