బస్టాండులో ఎన్ని సిలబుల్స్?

ఇబ్రహీంపట్నం బస్టాండులో దిగేవాళ్లెవరినైనా అడగండి, ఆ మాటకు మూడక్షరాలంటారు: బ, స్టాం, డు. ఇంగ్లీషు లెక్కలో రెండే సిలబుల్స్: బస్, స్టాండ్. అచ్చుధ్వనులను లెక్కపెట్టాలి, అక్షరాలను కాదు. చివరి ఉకారం మన చేర్పు. రెండు సకారాల్లో ఒకటి మనం మింగేశాం!

సమాస నామవాచకాన్ని ముందు అతుకు దగ్గరే విడదీయాలి. ఇందులో ప్రధాన పదం ‘స్టాండ్’. అందుకే బహువచనం ‘బస్ స్టాండ్స్’. ఊనిక మాత్రం ‘బస్’ మీద. ‘పాసర్‌బై’తో జాగ్రత్త, అక్కడ బహువచనం ‘పాసర్స్‌బై’.

ఊరి పేరూ ఇలాంటిదే. 1550–1580 మధ్య గోల్కొండనేలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరిట వెలసిన పట్నం, షష్ఠీ తత్పురుషం. రెండు లెక్కల్లోనూ అయిదే. కానీ మనం ‘ప-ట్నం’ అని రాసుకుంటే ఇంగ్లీషు ‘పట్-నం’ అని విరుస్తుంది.