ఎదుగుదల ఏ వయసుతో ఆగుతుంది?



మన విచారణలోని అనేక గృహాలలో ఒకే కప్పు కింద నాలుగు వయసులవారు ఉంటారు. మంచం పట్టిన నాయనమ్మ, సంపాదించే తల్లిదండ్రులు, ఇంటర్ చదివే కుమారుడు, అంగన్‌వాడీకి వెళ్ళే పాప. వీరిలో ఎదుగుతున్నది ఎవరు అని అడిగితే పిల్లలనే చూపిస్తాం. పెద్దల ఎదుగుదల ఎప్పుడో ముగిసిందనుకుంటాం. ఈ అభిప్రాయాన్ని సవరించిన మనస్తత్వవేత్తలలో ముఖ్యుడు ఎరిక్ ఎరిక్సన్.

ఈయన 1902లో జర్మనీలో జన్మించాడు. కన్నతండ్రి ఎవరో ఆయనకు తెలియదు. మారుతండ్రి ఇంట పెరిగాడు. విశ్వవిద్యాలయ పట్టా లేదు. వియన్నాలో అన్నా ఫ్రాయిడ్ వద్ద శిక్షణ పొంది, 1933లో అమెరికా చేరాడు. 1950లో వెలువడిన 'చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ' గ్రంథంలో మానవ జీవితాన్ని ఎనిమిది దశలుగా వివరించాడు. ప్రతి దశలోనూ ఒక పెనుగులాట ఉంటుందన్నాడు.

శైశవంలో: ఏడిస్తే అమ్మ వస్తుందా, రాదా? వస్తూ ఉంటే లోకంమీద నమ్మకం, రాకపోతే అపనమ్మకం. రెండు మూడేళ్ళకు "నేనే చేస్తాను" అనే స్వతంత్రత. అయినదానికీ కానిదానికీ కసిరితే సిగ్గు, సందేహం. బడికి ముందు వయసులో చొరవ, లేదా తప్పు చేశానన్న బాధ. బడి వయసులో పని నేర్చే పట్టుదల, లేదా "నాకు చేతకాదు" అనే న్యూనత. కౌమారంలో "నేనెవరు?" అనే ప్రశ్న, దారి తెలియని అయోమయం. యౌవనంలో మనసు కలిసిన అనుబంధం, లేదా ఒంటరితనం. నడివయసులో తర్వాతి తరాన్ని పోషించడం, లేదా తనలో తాను ముడుచుకుపోవడం. వార్ధక్యంలో గడచిన జీవితాన్ని ఉన్నదున్నట్లు అంగీకరించడం, లేదా నిరాశ.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఇవి పాస్, ఫెయిల్ పరీక్షలు కావు. కొంత అపనమ్మకం కూడా అవసరమే. ఎవరు పిలిచినా వెంట వెళ్ళే బిడ్డకు ప్రమాదం కదా! త్రాసు నమ్మకం వైపు మొగ్గితే చాలు. రెండవది, ఒక దశలో తగిలిన దెబ్బ తర్వాతి దశలో మానవచ్చు. బడిలో "మొద్దు" అనిపించుకున్న అబ్బాయి, ఓపికగా పని నేర్పే ఒక మెకానిక్ దగ్గర తన చేతులమీద నమ్మకం తెచ్చుకోవచ్చు.

1962లో ఎరిక్సన్ జీవిత దశలపై సదస్సు నిర్వహించడానికి అహమ్మదాబాదు వచ్చాడు. అక్కడ 1918లో మిల్లు కార్మికుల సమ్మెను నడిపించిన గాంధీజీ గాథ ఆయనను కదిలించింది. అప్పటికి గాంధీజీకి 48 ఏళ్ళు. పదిమంది భారాన్ని తలకెత్తుకునే నడివయసుకు ఆయన ఉదాహరణగా కనిపించాడు. ఆ పరిశీలనతో 1969లో వెలువడిన 'గాంధీస్ ట్రూత్' పులిట్జర్ బహుమతి పొందింది.

ఈ సిద్ధాంతానికి విమర్శలూ ఉన్నాయి. ఇది పాశ్చాత్య సమాజాన్ని, ఎక్కువగా పురుషుల జీవితాన్ని దృష్టిలో ఉంచుకున్నదని పలువురు అన్నారు. వయసుల హద్దులు అందరికీ ఒక్కటి కావు. చిన్ననాడే పెళ్ళయి సంసారం మోసిన మన తల్లులకు "నేనెవరు?" అని ఆలోచించే తీరిక ఎక్కడిది?

ఎరిక్సన్ 1994లో మరణించాడు. 1997లో, తొంభై దాటిన ఆయన భార్య జోన్ ఈ వరుసకు తొమ్మిదవ దశను చేర్చింది. కాళ్ళు, చేతులు మాట వినని ఆ వయసులో తొలి ప్రశ్న మళ్ళీ తిరిగి వస్తుంది: పిలిస్తే ఎవరైనా వస్తారా? ఊయలలో శిశువు అడిగిన ప్రశ్నే మంచం మీద నాయనమ్మ అడుగుతుంది. మనం శిశువుకు పరుగెత్తుకుంటూ వెళ్తాం. నాయనమ్మకు "వస్తున్నాలే, ఉండు" అంటాం.

కాబట్టి తల్లిదండ్రులారా, పరీక్ష తప్పిన కుమారుణ్ణి "నీవు దేనికీ పనికిరావు" అనకండి. తానెవరో వెదుక్కుంటున్న వయసులో ఆ మాటే అతని పేరైపోతుంది. యువతీయువకులారా, నాయనమ్మ పాత కథ మళ్ళీ మొదలుపెడితే విసుక్కోకండి. వృద్ధులు గతాన్ని తలపోసుకోవడం చాదస్తం కాదని, బ్రతుకును సరిచూసుకునే పని అని 1963లోనే అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ వివరించాడు. ఈ వారం ఆమె పక్కన కూర్చుని, "నా వయసులో నువ్వు ఏం చేసేదానివి?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా లేవకండి. ఆ కాసేపట్లో ఆమెతోపాటు మీరూ కొంత ఎదుగుతారు.